గృహ ప్రవాళ అక్వేరియం: కాంతి, వడపోత పరికరాల ఎంపికకు శాస్త్రీయ ప్రాతిపదికలు

వ్యాససంగ్రహం:
ఇంటిలో సముద్రజల అక్వేరియం ఏర్పాటు చేసి పగడాలను పెంచదలచినవారు సాధారణంగా ముందు దీపాన్ని, వడపోత యంత్రాలను కొని, ఆ తరువాత జీవులను ఎంచుకుంటారు. ఈ క్రమం సరైనది కాదని, పెంచదలచిన జీవి ఏదో ముందుగా నిర్ణయించుకొని దాని అవసరాల నుంచి పరికరాల పరిమాణాన్ని రాబట్టాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పగడాల శరీరధర్మం, భారతీయ వన్యప్రాణి చట్టం విధించే పరిమితి, కాంతిని కొలిచే పద్ధతి, వడపోత సిద్ధాంతాలు, తెలుగు ప్రాంతాల వాతావరణం అనే ఐదు కోణాల నుంచి ఈ అంశాన్ని పరిశీలించి, చివర ఒక నమూనా లెక్కతో వివరించడం జరిగింది.

కీలకపదాలు: పగడాలు, ప్రవాళభిత్తిక, సహజీవన శైవలాలు, పార్, నత్రజని చక్రం, ప్రోటీన్ స్కిమ్మర్, వన్యప్రాణి సంరక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం:
ఆంధ్రప్రదేశ్‌కు సుదీర్ఘమైన సముద్రతీరం ఉన్నప్పటికీ, మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీపాల్లోనో కనిపించే విస్తారమైన ప్రవాళభిత్తికలు ఈ తీరంలో ఏర్పడలేదు. గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే మంచినీరు సముద్రపు లవణీయతను తగ్గిస్తుంది. వాటితో వచ్చే ఒండ్రు సూర్యకాంతిని అడ్డగిస్తుంది. నేలల నుంచి కొట్టుకొచ్చే పోషకాలు పగడాలతో పోటీపడే శైవలాలకు బలమిస్తాయి. అంటే పగడం నిలవడానికి తగినంత కాంతి, మితమైన పోషకాలు, స్థిరమైన లవణీయత కావాలి. గాజుతొట్టెలో పగడాన్ని పెంచేవారు కృత్రిమంగా సమకూర్చవలసినవి కూడా ఇవే. కాంతిని దీపం, పోషకాల మితిని వడపోత, స్థిరత్వాన్ని నీటి నిర్వహణ అందిస్తాయి.

మత్స్యశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలు ప్రయోగశాలల్లో ఇటువంటి తొట్టెలను ఏర్పాటు చేసుకొనే వీలు నేడు ఉంది. ఇళ్లలో పెంచుకొనే ఔత్సాహికులూ ఉన్నారు. అయితే అందుబాటులో ఉన్న సమాచారంలో అధికభాగం వ్యాపారప్రకటనల రూపంలోనే లభిస్తుంది. అందులో శక్తిమంతమైన యంత్రమే మంచి యంత్రం. పగడం విషయంలో ఈ సూత్రం వర్తించదు. అధిక కాంతి పగడాన్ని చంపగలదు, అతిగా శుద్ధిచేసిన నీరూ చంపగలదు. కనుక 'ఎంత ఎక్కువ' అన్నదానికి బదులు 'ఎంత చాలు' అన్న ప్రశ్నతో ఈ పరిశీలన మొదలవుతుంది.

2. పగడం - శక్తి సంపాదన:
పగడం చూపుకు రాయిలాగానో మొక్కలాగానో కనిపించినా అది జంతువే. పాలిప్‌లనే చిన్న జీవుల సముదాయం అది. భిత్తికలను నిర్మించే పగడాల కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. ఈ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన కర్బన పదార్థంలో అధికభాగాన్ని, అనుకూల పరిస్థితుల్లో 90 శాతం దాకా, ఆతిథేయికి అందిస్తాయి. బదులుగా పగడం తన వ్యర్థాల్లోని నత్రజనిని, ఫాస్ఫరస్‌ను, కర్బన ద్విలవాయువును వాటికి ఇస్తుంది. ప్రవాళభిత్తికల నిర్మాణంపై 1842లో గ్రంథం వెలువరించిన చార్లెస్ డార్విన్ పేరుతో ప్రసిద్ధమైన వైరుద్ధ్యం, అనగా పోషకాలు అతి తక్కువగా ఉన్న నీటిలో ఇంత జీవసంపద ఎలా నిలుస్తుందన్న ప్రశ్న, ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని గుర్తించినప్పుడు కొంతవరకు విడిపోతుంది.

ఈ సహజీవనం నుంచి పరికరాల ఎంపికకు సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటి తేలుతుంది. కాంతి, పోషకాలు రెండు వేర్వేరు ఖాతాలు కావు. కాంతి శైవలానికి శక్తినిస్తుంది, పోషకాలు ఆ శక్తిని వినియోగించుకోవడానికి కావలసిన పదార్థాన్నిస్తాయి. ఒకదాన్ని పెంచి రెండోదాన్ని తగ్గిస్తే సమతుల్యం చెదురుతుంది. జర్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో 'నేచర్ క్లైమేట్ చేంజ్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో గమనార్హం. నీటిలో నైట్రేట్ అధికంగా ఉండి ఫాస్ఫేట్ కొరవడినప్పుడు శైవలాలు ఫాస్ఫేట్ లేమికి గురవుతాయని, అప్పుడు కాంతి, ఉష్ణోగ్రతల ఒత్తిడికి పగడాలు మరింత సులభంగా తెల్లబారిపోతాయని ఆ బృందం నిరూపించింది. కాబట్టి దీపాన్ని, వడపోతను విడివిడిగా కాక జంటగా ఎంచుకోవాలి.

3. జీవి ఎంపిక - చట్టపరమైన పరిమితి:
భారతదేశంలో ఈ చర్చకు మరొక ప్రాతిపదిక ఉంది. వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో భిత్తికలను నిర్మించే గట్టి పగడాలన్నింటినీ, నల్లపగడాలను, ఆర్గాన్ పైప్ పగడాన్ని, అగ్నిపగడాలను, సముద్ర విసనకర్రలుగా పిలిచే గార్గోనియన్‌లను 2001లో చేర్చారు. వీటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం, అనుమతి లేకుండా కలిగి ఉండడం నేరం. చనిపోయిన పగడపు ముక్కలకు, వాటితో ఏర్పడిన రాళ్లకు కూడా ఈ రక్షణ వర్తిస్తుంది. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధం పరిధిలోకి వస్తుంది. ఆ ఒప్పందపు జాబితాల్లోని జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అధ్యాయాన్ని 2022 నాటి సవరణ మన చట్టంలో చేర్చింది.

కనుక హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో నివసించేవారు అక్వేరియం గురించి ఆలోచించవలసింది పై జాబితాలో లేని మృదుపగడాలు, జొయాంథిడ్‌లు వంటి జీవుల గురించే. అవి కూడా సముద్రం నుంచి పెకలించినవి కాక, తొట్టెల్లో ముక్కలుగా పెంచినవై, వాటి మూలం తెలిపే పత్రాలు ఉన్నవై ఉండాలి. చట్టపు జాబితాలు మారుతుంటాయి కాబట్టి కొనుగోలుకు ముందు అటవీశాఖ అధికారులను సంప్రదించడం అవసరం. అమెరికా వంటి దేశాల్లో స్థిరపడిన తెలుగువారికి పెంపకపు గట్టి పగడాలు చట్టబద్ధంగా లభించవచ్చు. వాటిని స్వదేశానికి తెచ్చుకోవాలనుకొంటే మాత్రం ఇక్కడి చట్టమే వర్తిస్తుంది.

ఈ పరిమితిని కేవలం నిషేధంగా చూడనక్కరలేదు. పరికరాల ఎంపికను ఇది ఎంతో తేలిక చేస్తుంది. మృదుపగడాలకు కావలసిన కాంతి చిన్న పాలిప్‌ల గట్టి పగడాలకు కావలసినదానిలో సగానికన్నా తక్కువ. కాంతి తగ్గితే ఉష్ణం తగ్గుతుంది, విద్యుత్తు తగ్గుతుంది, వడపోతపై భారమూ తగ్గుతుంది.

4. కాంతి:
4.1 కొలమానం:
దీపాలను వాట్లలో పోల్చడం పాత అలవాటు. వాట్ అనేది దీపం వినియోగించే విద్యుత్తుకు కొలత గాని, పగడానికి చేరే కాంతికి కాదు. లక్స్ కూడా ఇక్కడ సరిపోదు. లక్స్ మానవనేత్రపు స్పందన ఆధారంగా రూపొందింది. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతికి ఎక్కువగా, నీలికాంతికి చాలా తక్కువగా స్పందిస్తుంది. సహజీవన శైవలాల్లోని వర్ణకాలు ముఖ్యంగా నీలి, నీలి-ఆకుపచ్చ ప్రాంతాల్లోనే కాంతిని గ్రహిస్తాయి. సముద్రజలం ఎరుపు కిరణాలను మొదటి కొన్ని మీటర్లలోనే శోషించుకుంటుంది, నీలి కిరణాలు లోతుకు చేరుతాయి. అందువల్ల మన కంటికి మసకగా తోచే నీలిదీపం పగడానికి పుష్కలమైన కాంతినిస్తూ ఉండవచ్చు. ఫోనులోని లక్స్ కొలతను నమ్మి దీపాన్ని పెంచినవారు తెలియకుండానే పగడాన్ని కాల్చివేస్తారు.

సరైన కొలమానం పార్. 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఫోటాన్‌లు సెకనుకు చదరపు మీటరుపై ఎన్ని మైక్రోమోల్‌లు పడుతున్నాయో ఇది తెలుపుతుంది. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్ర ఉపరితలంపై ఈ విలువ సుమారు 2,000. గృహ అక్వేరియంలో మృదుపగడాలకు 50 నుంచి 150, పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలకు ఇంచుమించు అంతే, చిన్న పాలిప్‌ల గట్టి పగడాలకు 200 నుంచి 350 వరకు సాధారణంగా సరిపోతుంది. కళాశాలల వృక్షశాస్త్ర విభాగాల్లో పార్‌ను కొలిచే క్వాంటమ్ సెన్సర్ ఉంటే, అది నీటిలో ముంచడానికి వీలైన రకమైతే, తొట్టెలోని వేర్వేరు స్థానాల్లో కొలిచి పటం గీసుకోవచ్చు.

4.2 రోజువారీ మొత్తం:
క్షణకాలపు తీవ్రతతోపాటు రోజంతా అందిన కాంతి మొత్తాన్ని కూడా లెక్కించాలి. 200 పార్ కాంతి 10 గంటలు అందితే, 200 × 36,000 సెకన్లు = 72 లక్షల మైక్రోమోల్‌లు, అనగా చదరపు మీటరుకు 7.2 మోల్‌లు. 250 పార్ 8 గంటలు అందినా మొత్తం అంతే. బలహీనమైన దీపాన్ని కొంతవరకు సమయంతో భర్తీ చేయవచ్చునని దీనివల్ల తెలుస్తుంది. కాని అతితీవ్రమైన దీపాన్ని సమయం తగ్గించి సరిదిద్దడం అంత సురక్షితం కాదు. ఒక స్థాయి దాటాక కిరణజన్య సంయోగక్రియ పెరగడం ఆగిపోతుంది. మిగిలిన శక్తి హానికరమైన ఆమ్లజని రూపాలను పుట్టిస్తుంది. పగడం తన శైవలాలను కోల్పోయి తెల్లబారడానికి ఇది ఒక ముఖ్యకారణం.

4.3 దీపాల రకాలు:
మెటల్ హాలైడ్ దీపాలు ఒకే బిందువు నుంచి తీవ్రమైన కాంతినిస్తాయి. లోతైన తొట్టెలకు ఒకప్పుడు ఇవే శరణ్యం. 150, 250, 400 వాట్లలో వచ్చే ఈ దీపాలు వెలువరించే వేడి మన వేసవుల్లో భరించరానిది. టి5 ఫ్లోరొసెంట్ గొట్టాలు కాంతిని తొట్టె అంతటా సమంగా పరుస్తాయి, నీడలు తక్కువ. కాని వీటి కాంతి క్రమంగా క్షీణిస్తుంది కనుక దాదాపు ఏడాదికొకసారి మార్చాలి. పాదరసం ఉన్న కారణంగా ఈ గొట్టాల వాడుక ప్రపంచమంతటా తగ్గిపోతున్నది. ఎల్.ఇ.డి. దీపాలు తక్కువ విద్యుత్తు వాడుతాయి, ప్రతి రంగునూ విడిగా తగ్గించే పెంచే వీలుంటుంది. వీటి లోపం విస్తరణలో ఉంది. చవకరకం దీపం మధ్యలో అతితీవ్రంగా, అంచుల్లో బలహీనంగా ఉండి పగడాల అడుగున గాఢమైన నీడలు వేస్తుంది. అందుచేత ఒక పెద్ద దీపం కన్నా రెండు చిన్న దీపాలు మేలు. అమ్మకందారును అడగవలసింది వాట్లు కాదు, ఎంత ఎత్తు నుంచి ఎంత లోతులో ఎంత విస్తీర్ణంపై ఎంత పార్ వస్తుందో చూపే పటం.

కొత్త దీపం అమర్చినప్పుడు దాని పూర్తి తీవ్రతలో సగంకన్నా తక్కువతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల్లో నెమ్మదిగా పెంచాలి. శైవలాలు తమ వర్ణకాలను కొత్త కాంతికి అనుగుణంగా మార్చుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

5. వడపోత:
5.1 సిద్ధాంతాల పరిణామం:
ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' పత్రికలో తన సహజపద్ధతిని వివరించారు. సముద్రపు సజీవశిలలు, గాలిబుడగలు, సూర్యరశ్మి మాత్రమే అందులోని సాధనాలు. తరువాత జర్మన్ ఔత్సాహికులు సజీవశిలకు బలమైన ప్రోటీన్ స్కిమ్మర్‌ను జోడించిన విధానం బెర్లిన్ పద్ధతిగా స్థిరపడింది. మొనాకోలో జాన్ జోబెర్ లోతైన ఇసుకపొర కింద నీటి అర నిలిపి, ఇసుకలోని సూక్ష్మజీవులతో నైట్రేట్‌ను తొలగించారు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఎడీ శైవలాలను ప్రత్యేకపు జల్లెడలపై పెంచి, కోసివేయడం ద్వారా పోషకాలను బయటికి పంపారు. యంత్రాలు భిన్నంగా ఉన్నా వీటన్నింటి లక్ష్యం ఒకటే, లోపలికి వచ్చిన నత్రజని, ఫాస్ఫరస్‌లలో మితిమీరిన భాగాన్ని బయటికి పంపడం.

5.2 జీవ వడపోత:
చేపల విసర్జన నుంచి, మిగిలిన ఆహారం నుంచి అమ్మోనియా పుడుతుంది. నత్రీకరణ బాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. ఆమ్లజని లేని లోపలి పొరల్లో వేరే బాక్టీరియాలు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. ఈ రెండు దశలకూ ఇల్లు రంధ్రాలున్న శిల. సహజశిల చట్టరీత్యా నిషిద్ధం కనుక మన దేశంలో సిరామిక్ లేదా సిమెంటుతో తయారుచేసిన శిలలను వాడాలి. వీటిపై బాక్టీరియాలు స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్‌లు రెండూ సున్నాకు చేరేవరకు ఏ జీవినీ ప్రవేశపెట్టరాదు. మొత్తం వ్యవస్థలో అతి ముఖ్యమైన 'యంత్రం' ఇదే, దీనికి కావలసింది డబ్బు కన్నా ఓర్పు.

5.3 ప్రోటీన్ స్కిమ్మర్:
సేంద్రియ అణువుల్లో కొన్నింటికి ఒక కొన నీటిని, మరో కొన గాలిని కోరుకుంటుంది. అవి గాలిబుడగ ఉపరితలానికి అంటుకొని నురుగుగా పైకి చేరుతాయి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి సులభంగా కలిసిపోవు గనుక సన్నగా నిలుస్తాయి, మంచినీటిలో ఈ యంత్రం పనిచేయకపోవడానికి కారణం ఇదే. దీని ప్రత్యేకత ఏమంటే, వ్యర్థాలు కుళ్లి నైట్రేట్ కాకముందే వాటిని తొలగిస్తుంది, నీటికి ఆమ్లజనినీ అందిస్తుంది. అయితే దీని శక్తిని అతిగా అంచనా వేయరాదు. కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2009లో ప్రచురించిన కొలతల ప్రకారం పరీక్షించిన స్కిమ్మర్లు మొత్తం సేంద్రియ కర్బనంలో సుమారు 20 నుంచి 30 శాతం మాత్రమే తొలగించగలిగాయి. వేర్వేరు నమూనాల మధ్య వ్యత్యాసం ధరల్లోని వ్యత్యాసమంత పెద్దది కాదు. కనుక తొట్టె పరిమాణానికి తగిన మధ్యశ్రేణి స్కిమ్మర్ చాలు.

5.4 సున్నా లక్ష్యం కాదు:
ఉత్తేజిత కర్బనం నీటి పసుపురంగును తొలగిస్తుంది. ఇనుప ఆక్సైడు గుళికలు ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుతాయి. ప్రత్యేకపు అరలో పెంచే కీటోమార్ఫా అనే శైవలం నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను రెంటినీ గ్రహిస్తుంది. వీటన్నింటినీ ఒకేసారి అమర్చడం తరచుగా జరిగే పొరపాటు. నైట్రేట్ లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మేలు. రెండూ సున్నాకు చేరితే పగడాలు పాలిపోతాయి, తొట్టెను డైనోఫ్లాజెల్లేట్‌ల జిగురుపొర కమ్ముకోవచ్చు. పరీక్షాఫలితం కోరినప్పుడే అదనపు సాధనాన్ని చేర్చాలి.

వడపోత నిజానికి నీటి తయారీతోనే మొదలవుతుంది. బోరునీటిలోని కాఠిన్యం, నైట్రేట్, సిలికేట్‌లు ఉప్పు కలిపిన తరువాత కూడా అలాగే ఉంటాయి. ఇంటిలోని తాగునీటి ఆర్.ఓ. యంత్రం చాలదు. దాని తరువాత అయాన్ వినిమయ దశను కూడా చేర్చి, కరిగిన లవణాల కొలత సున్నాకు వచ్చిన నీటినే వాడాలి.

6. నమూనా లెక్క - తెలుగు ప్రాంతాల వాతావరణం:
90 × 60 × 50 సెంటీమీటర్ల తొట్టెను తీసుకుందాం. ఘనపరిమాణం 270 లీటర్లు. కింద అమర్చే వడపోత తొట్టెను అక్వేరియం పరిభాషలో సంప్ అంటారు, ఇంటి భూగర్భ నీటితొట్టెతో దీనికి సంబంధం లేదు. శిలలు ఆక్రమించిన చోటును తీసివేసి, సంప్‌లోని నీటిని కలిపితే నికరంగా 250 లీటర్లు అనుకుందాం. సంప్‌లోకి గంటకు నాలుగు రెట్లు, అనగా 1,000 లీటర్ల ప్రవాహం చాలు. తొట్టె లోపలి అలల కోసం సుమారు 20 రెట్లు, అనగా 5,000 లీటర్ల ప్రవాహాన్ని రెండు పంపుల మధ్య పంచాలి.

దీపాలు మొత్తం 150 వాట్లై 10 గంటలు వెలిగితే రోజుకు 1.5 యూనిట్లు. పంపులు, స్కిమ్మర్ కలిసి 60 వాట్లే అయినా 24 గంటలూ నడుస్తాయి కనుక 1.44 యూనిట్లు. చిన్న పంపుల ఖర్చు పెద్ద దీపంతో సమానమని కొనేటప్పుడు ఎవరికీ తట్టదు. ఈ పంపులు నీటిలో మునిగి ఉంటే వాటి శక్తి అంతా వేడిగా మారి నీటికే చేరుతుంది. దీపపు శక్తిలో సగం నీటికి చేరిందనుకుంటే రోజుకు మొత్తం సుమారు 2.2 యూనిట్ల ఉష్ణం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి గుప్తోష్ణం సుమారు 0.67 యూనిట్. అంటే పరికరాల వేడిని కేవలం ఆవిరి ద్వారా తొలగించాలంటే రోజుకు 3 లీటర్లకు పైగా నీరు ఆవిరి కావాలి.

ఇక్కడ ప్రాంతభేదం ప్రధానమవుతుంది. హైదరాబాదు వేసవిగాలి పొడిగా ఉంటుంది కనుక నీటిపై తిరిగే చిన్న ఫ్యాను కొంత చల్లదనాన్నిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాల్లో గాలిలోనే తేమ నిండి ఉండడంవల్ల ఆవిరి మందగిస్తుంది, ఫ్యాను అంతగా ఫలించదు. అక్కడ చిల్లర్‌గాని, ఏ.సి. గదిగాని తప్పనిసరి. నీటి ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, 30 దాటి కొనసాగితే మృదుపగడాలు కూడా దెబ్బతింటాయి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. పై తొట్టెలో వారంపాటు నీరు కలపకపోతే లవణీయత వేయికి 35 నుంచి 38కి పైగా చేరుతుంది. కాబట్టి శుద్ధమైన మంచినీటిని తనంతట తానే కలిపే సాధనాన్ని విలాసంగా భావించరాదు.

విద్యుత్ అంతరాయం మరొక సమస్య. 27 డిగ్రీల సముద్రజలం లీటరుకు సుమారు 6.5 మిల్లీగ్రాముల ఆమ్లజనిని మాత్రమే నిలుపుకోగలదు. రాత్రిపూట పంపులు ఆగితే చేపలు, పగడాలు, బాక్టీరియాలు అన్నీ దాన్నే పంచుకుంటాయి. దీపం ఒకరోజు వెలగకపోయినా పగడం బతుకుతుంది, నీరు కదలకపోతే కొన్ని గంటల్లోనే ప్రమాదం. కనుక ఇన్వర్టరుకు ముందుగా కలపవలసింది నీటిని కదిలించే పంపు. కనీసం బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి సిద్ధంగా ఉండాలి.

7. ముగింపు:
1. పరికరాల ఎంపిక జీవి నుంచి మొదలుకావాలి. భారతదేశంలో గట్టి పగడాలకు చట్టరక్షణ ఉన్నందున, చట్టబద్ధమైన మృదుపగడాల అవసరాలే గృహ అక్వేరియానికి ప్రాతిపదిక.
2. దీపాన్ని వాట్లలోనో లక్స్‌లోనో కాక పార్‌లో, రోజువారీ మొత్తంలో కొలవాలి. మృదుపగడాలకు 50 నుంచి 150 పార్ సరిపోతుంది.
3. కాంతి, పోషకాలు పరస్పరం ఆధారపడినవి. తీవ్రమైన దీపాన్ని, అతిశుద్ధమైన నీటిని ఒకేచోట చేర్చడం పగడానికి హానికరం.
4. జీవ వడపోతకు కృత్రిమ శిల, దానికి తోడు మధ్యశ్రేణి స్కిమ్మర్ ఆధారం. తక్కిన సాధనాలు పరీక్షాఫలితాలను బట్టి చేర్చదగినవి.
5. తెలుగు ప్రాంతాల్లో బడ్జెటును దీపంపై తగ్గించి చల్లదనం, నీటి భర్తీ, విద్యుత్ అంతరాయపు ఏర్పాట్లపై వెచ్చించడం సముచితం.

ఈ చివరి ఏర్పాట్లకు డబ్బు సరిపోదని ముందే తేలితే, పగడాలను తెచ్చుకోకపోవడమే ఉత్తమం. తొట్టెలో చనిపోయిన పగడం స్థానంలో మరొకదాన్ని కొనడం సులభమే. కాని ఆ కొనుగోలు ఎక్కడో ఒక భిత్తికపై భారంగా పడవచ్చు. ఆ భారాన్ని తప్పించగల మొదటి అవకాశం పరికరాల లెక్క వేసుకొనే దశలోనే మన చేతిలో ఉంటుంది.